ముందు తమరే కానివ్వండి

ఇరుగుపొరుగు దేశాల మధ్య స్నేహాన్ని మించిన వరం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. కాదన్నవాడు నా దృష్టిలో మనిషే కాడు!

ఇంత తేటతెల్లమైన సంగతి నేను కాగితం మీద పెట్టవలసి రావడమే విచారకరం. కానీ మొన్న ఉదయం లోవమ్మ అనే జాలరి మనిషి మా వీధి అరుగు దగ్గరికి వచ్చి ఒక అర్జీ రాసిపెట్టమని అడిగింది. ఆవిడ మొగుడు సత్తియ్య ఎనిమిది నెలలుగా లాకప్పులో ఉన్నాడు. అతన్ని విడిచిపెట్టమని అడిగిందా? లేదు! అది అడిగితే కొంత అర్థం చేసుకోవచ్చు.

"ఏ దొరగారైనా పర్లేదండి. ఏదో ఒక శిచ్చ ఏసెయ్యమని రాయండి. ఆర్నెల్లో, ఏడాదో. అప్పుడు రోజులు లెక్కెట్టుకుంటాను గదండీ," అంది.

చూశారా విడ్డూరం! తన మొగుడి వ్యవహారంలో రెండు మహా ప్రభుత్వాలు ఒకరినొకరు ఎంతగా గౌరవించుకుంటున్నాయో ఆవిడకు బొత్తిగా అర్థం కాలేదు. అర్జీ రాయనని చెప్పి పంపేశాను. ఆవిడ వెళ్లాక, ఇలాంటి అపోహలు చదువుకున్న మీలో కూడా కొందరికి ఉండవచ్చని తోచింది. అందుకే పత్రికకు ఈ నాలుగు ముక్కలూ.

తణుకులోనో పెద్దాపురంలోనో కూర్చున్న మీకు పరాయి దేశమంటే ఓడ ఎక్కి వెళ్లవలసినదే కావచ్చు. మాకు అలా కాదు. మధ్యలో గౌతమి, దక్షిణపు గట్టున ఇంగ్లీషు వారి ఏలుబడిలో మా గుల్లలపాలెం, ఎదురుగా ఉత్తరపు గట్టున ఫ్రెంచి వారి యానాం. మా రేవులో నిలబడి చుట్ట ముట్టిస్తే పొగ విదేశానికి వెళ్తుంది.

నేను అవతలి గట్టున పుట్టాను, కాకినాడలో చదివాను. ఆ కారణంగా ఫ్రెంచీ వచ్చు, ఇంగ్లీషూ వచ్చు, రెండింటిలోనూ నడుం వంచడం మరీ బాగా వచ్చు. పాతికేళ్లు ఇవతలి దొరగారి కచేరీలో దుబాసీగా చేశాను. ఆ దొరగారు ఈ దొరగారికి ఏం రాసినా, ఈ దొరగారు ఆ దొరగారికి ఏం రాసినా నా చేతి మీదుగా పోవలసిందే. కాబట్టి ఈ స్నేహం గురించి మాట్లాడే అర్హత నాకంటే ఎక్కువ ఎవరికి ఉంటుంది చెప్పండి?

ముందుగా, స్నేహం లేని రోజుల్లో మా బతుకు ఎంత అధ్వాన్నంగా ఉండేదో మీరు తెలుసుకోవాలి.

అప్పట్లో రెండు కచేరీలకూ క్షణం పడేది కాదు. ఇక్కడ జవాను ఎవడినైనా తరిమాడంటే వాడు తిన్నగా నదిలో దూకి అవతలి గట్టుకు ఈదేవాడు. అక్కడి జవాను వంగి చెయ్యి అందించి పైకి లాగేవాడు. ఇంగ్లీషు వాళ్లు తరిమిన మనిషి అంటే ఫ్రెంచి వారి దగ్గర అదే పెద్ద యోగ్యతాపత్రం! అక్కడ తప్పుచేసినవాడికి ఇక్కడ కూడా అంతే మర్యాద. పెళ్లాం మీద అలిగిన మొగుడు సైతం పరదేశానికి లేచిపోయి, అక్కడ రెండు రోజులు వేళకు తిని, మూడోనాటికి కోపం తగ్గించుకుని వచ్చేవాడు. ఇలా ఉంటే నేరానికి భయం ఎక్కడుంటుంది? న్యాయం ఏమైపోవాలి?

ఆ చీకటి రోజులు పోయాయి. రెండేళ్ల కిందట సముద్రాల అవతల సీమలో రెండు దేశాల పెద్దలూ చేతులు కలుపుకున్నారు. ఆ స్నేహం ఓడ ఎక్కి చెన్నపట్నంలో దిగి, రైలెక్కి, కొవ్వూరుకీ రాజమండ్రికీ నడుమ కొత్త వంతెన దాటి, కాలవ పడవలో కునికిపాట్లు పడుతూ మా రేవుకు చేరేసరికి కొన్ని నెలలు పట్టింది. చేరడం మాత్రం ఘనంగానే చేరింది. ఇకనుంచి పొరుగువారితో ఆప్యాయంగా మెలగాలని రెండు కచేరీలకూ ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరు వచ్చాక ఆప్యాయతకు లోటేమిటి?

ఫలితాలు వెంటనే కనిపించాయి. ఇదివరకు పేటలో కోడిని ఒక జవాను పట్టుకుపోయి ఒంటరిగా తినేవాడు. పాపం, ఒంటరి భోజనం ఎవరికి రుచిస్తుంది? ఇప్పుడు ఇవతలి జవాను అవతలి జవానును విందుకు పిలుస్తున్నాడు. వచ్చే ఆదివారం అవతలివాడు ఇవతలివాణ్ణి పిలుస్తున్నాడు. కోళ్లు మాత్రం రెండుసార్లూ జాలరి పేటవే. స్నేహంలో ఆ మాత్రం సర్దుకోలేమా!

పడవలకు ముందువైపు ఇంగ్లీషు నంబరు, వెనకవైపు ఫ్రెంచి నంబరు వేశారు. ఎదురు వస్తున్నంతసేపూ అది ఇంగ్లీషు పడవ, వెనక్కి తిరిగిందంటే ఫ్రెంచి పడవ. వల ఒక కొస ఈ నీళ్లలో, ఒక కొస ఆ నీళ్లలో ఉంటుంది కనక వలకు రెండు పర్మిట్లు. ఇక చేప ఏ దేశంలో పుట్టిందో చేపను అడిగి తెలుసుకునే వీలు లేదు కాబట్టి రెండు ప్రభుత్వాలూ దాన్ని తమ బిడ్డగానే భావించి వాటా పుచ్చుకుంటున్నాయి. బడిపిల్లలు పొద్దున్నే ఇటు తిరిగి ఒక సెల్యూట్, అటు తిరిగి ఒక సెల్యూట్ కొడుతున్నారు. చక్రవర్తి గారి పుట్టినరోజుకీ సెలవే, ఫ్రెంచి వారి జూలై పద్నాలుగు పండుగకీ సెలవే. సెలవంటే ఆ రోజు నదిలో వల వేయకూడదు. మరి ఆ రోజు పేటలో ఏం తినాలి? స్నేహాన్ని తలుచుకుంటూ పడుకుంటే ఆకలి తెలియదని మా కచేరీలో అనుకున్నాం.

అన్నిటికంటే నన్ను ముగ్ధుణ్ణి చేసింది దొరలు నేర్చుకున్న మర్యాద. మన గోదావరి జిల్లాల్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. "ముందు తమరే కానివ్వండి" అని ఒకరు, "అబ్బే, తమరే" అని ఇంకొకరు, లోపల వడ్డించిన అన్నం చల్లారిపోయేదాకా నిలబడతారు. ఇన్నేళ్లు మన మధ్య ఉండి దొరలిద్దరూ ఆ విద్యను మనకంటే బాగా పట్టుకున్నారు. మనం గుమ్మం దగ్గర చేసేది వాళ్లు ప్రభుత్వ వ్యవహారాల్లో చేస్తున్నారు. అంతే తేడా.

ఇందుకు దృష్టాంతంగా లంక సంగతి చెప్తాను. సత్తియ్య లాకప్పులో ఎందుకున్నాడో కూడా ఇందులోనే తేలుతుంది.

ఏడెనిమిదేళ్ల కిందట వరద తీశాక నది నడిమధ్యలో ఇసుక మేట వేసి ఈ లంక బయటపడింది. దానిమీద ఒండ్రు చేరింది, గరిక మొలిచింది. నేలంటూ కనిపిస్తే మనుషులు ఊరుకుంటారా? జాలర్లు పదకొండు గుడిసెలు వేసుకుని అక్కడ చేపలు ఎండబెట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్లందరికీ పెద్దదిక్కు పెద్దింట్లమ్మ అనే ముసలావిడ. సత్తియ్య, లోవమ్మల గుడిసె కూడా అక్కడే. సత్తియ్య మా కచేరీ పడవకు తెడ్డు వేసేవాడు.

పెద్దింట్లమ్మది పాతకాలపు పద్ధతి. ఆషాఢంలో వరద ఎర్రనీరు దిగుతూనే సముద్రంలోంచి పులస చేప ఎదురెక్కి వస్తుంది కదా. మొదట పడిన పులసను వాళ్లు ఇంట్లో వండుకోరు. దొరకు పంపుతారు. ఏ దొర అన్న పట్టింపు వాళ్లకు లేదు. గట్టు మీద ఎవరు పెద్దగా కనిపిస్తే వారికే. ఒక ఏడు అవతలి దొరగారు పడవ షికారుకు వచ్చి లంకలో కాలు పెట్టారు. ఆవిడ చేతులు జోడించి చేప సమర్పించుకుంది. ఆ సాయంత్రమే వారి కచేరీలో, లంకవాసులు తమ ఏలుబడిని అంగీకరించి కానుక చెల్లించినట్టు రిపోర్టు రాసుకున్నారు. ఆ కబురు తెలిసి మా దొరగారు ఆగమేఘాల మీద బయల్దేరారు. వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం ఎలాగని ఆవిడ ఇంకొక చేప ఇచ్చింది. మేమూ అదే రిపోర్టు రాశాం. రాసింది నేనే.

ఇక ఆ తరవాత వరద వచ్చిందంటే చూడాలి! నీళ్లు లంక అంచు తాకీ తాకగానే రెండు గట్ల నుంచీ పడవలు పోటీలు పడి వచ్చేవి. ముందు ఎక్కించుకున్నవారిదే లంక అని ఇద్దరి నమ్మకమూ. ఒకసారి పెద్దింట్లమ్మను ఇద్దరు జవాన్లు చెరో రెక్కా పట్టుకుని తమ తమ పడవలోకి లాగారు. ఆవిడ భుజం నెల్లాళ్లు నొప్పెట్టింది. ఇవతల గంజి పోశారని తెలిసి అవతల అన్నం పెట్టారు. అది విని మేం కంబళ్లు పంచాం. వాళ్లు పిల్లలకు బెల్లం ముక్కలు పంచారు. ఇదంతా జాలితోనా? కాదు, కేవలం ద్వేషంతో. పక్కవాడి మీద కసితో పెట్టిన అన్నం ఎవరికైనా ఒంటబడుతుందా? వాళ్లకు పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

స్నేహం వచ్చాక ఈ అనాగరికం అంతా ఆగిపోయింది. "లంక తమరిదే" అని మా దొరగారు వారికి రాశారు. "అబ్బే, తమరిదే" అని వారు మాకు రాశారు. ఒకరికొకరు ఆ లంకను ఎన్నిసార్లు దానం చేసుకున్నారో ఆ ఫైలు మోసినవాడికి తెలుసు. వరదకాలంలో లంక దగ్గర ఒక పెద్ద పడవ కట్టి ఉంచమని పెద్దింట్లమ్మ రెండు కచేరీలకూ వచ్చి అడిగింది. పొరుగువారి నేల మీద మన పడవ కట్టడం అమర్యాద అవుతుందని మా దొరగారు బాధపడ్డారు. అవతలి దొరగారు కూడా అచ్చంగా అంతే బాధపడ్డారట. చేపల విషయంలో మాత్రం ఇద్దరూ మొహమాటపడలేదు.

పోయిన జూలై పద్నాలుగున స్నేహోత్సవం పెట్టారు. అవతలి రేవులో బ్యాండు, జెండాలు, పడవల ఊరేగింపు, ఆ తరవాత దొరలిద్దరికీ విందు. విందులో పులస ఉండాలన్నది ఉభయుల కోరిక. లంకలో పడవలన్నీ పూలదండలు కట్టుకుని, మగవాళ్లందరితో సహా తెల్లవారేసరికి ఊరేగింపుకు హాజరు కావాలని ఆర్డరు. లంకలో మిగిలింది ఆడవాళ్లు, పిల్లలు, ఒడ్డున కట్టిన వల.

మామూలుగా అయితే ఎర్రనీరు ఒక జాన పెరిగిందంటే వాళ్లు గట్టుకు చేరిపోయే మనుషులు. ఆ రోజు వెళ్దామంటే పడవల్లేవు. పైగా పెద్దింట్లమ్మ రెండు చేపలు పంపుతానని మాట ఇచ్చింది. అవి ఇంకా వలలో పడలేదు.

పొద్దున్న ధవళేశ్వరం నుంచి టెలిగ్రాం వచ్చింది, పెద్ద నీరు దిగుతోందని. రెండు కచేరీలూ క్షణాల మీద స్పందించాయి. పండుగ పూట ఒక్క ప్రాణానికీ హాని కలగకూడదని, ఉత్తరాల పడవ తప్ప ఇంకే పడవా నదిలో కదలకూడదని ఉమ్మడిగా ఆర్డరు వేశాయి. మా దొరగారి లాంచి మా రేవులోనే ఉంది. వెంటనే లంకకు పంపవచ్చు. కానీ లంక వారిది కదా! అనుమతి కోరుతూ మా దొరగారు చక్కని ఉత్తరం రాసి, టేకు పెట్టెలో పెట్టి సీలు వేయించారు. ఒక్క కాగితానికి అంత పెట్టె ఎందుకంటారా? స్నేహం మొదలైన నాడు చేయించారు. ఇద్దరు మనుషులు కూర్చునేంత చోటు ఆక్రమిస్తుంది. నేను దానిమీదే కూర్చునేవాణ్ణి.

ఉత్తరాల పడవలో నేనూ, తెడ్డు వేస్తూ సత్తియ్యా, దారిలో లంక దగ్గర ఆగాం. ఆగమని ఆర్డరుంది, చేపలు పట్టుకురమ్మని. అప్పటికి నీళ్లు మోకాళ్ల లోతు. పెద్దింట్లమ్మ ఎదురొచ్చింది. రెండు చేపలూ దొరికాయి, పెద్దవి. చీర కొంగుతో తుడిచి ఒక్కొక్కటే పడవలో పెట్టింది.

"దొరగార్లకి ఇవి అట్టుకెళ్లండి బాబూ. ఈటితోపాటు పసోళ్లని కూడా ఎక్కించుకోండి," అంది.

చేపలకు ఆర్డరు ఉంది. పసివాళ్లకు లేదు. ఆ సంగతి సౌమ్యంగా వివరించి, ఉత్తరం ఇచ్చి వచ్చేలోగా లాంచి వచ్చేస్తుందని చెప్పాను. ఆవిడ నమ్మింది. సత్తియ్య లోవమ్మ వైపు చూశాడు. తొందరగా వెళ్లి రమ్మని లోవమ్మ చేత్తోనే చెప్పింది.

అవతలి రేవులో పదకొండు పడవలూ దండలతో బారులు తీరి ఉన్నాయి. మగవాళ్లు గట్టు మీద నిలబడి లంక వైపే చూస్తున్నారు. కదలబోయినవాణ్ణి జవాన్లు నెమ్మదిగానే కూర్చోబెడుతున్నారు. బ్యాండు వాయిస్తున్నారు. అవతలి దొరగారు మా ఉత్తరం చదివి కదిలిపోయారు. జవాబు రాయడానికి కూర్చున్నారు. రెండు కాగితాలు పట్టింది. లంక ఇంగ్లీషు వారిదేననీ, ఆ ప్రజలను కాపాడే గౌరవాన్ని వారి నుంచి లాక్కునేంత సంస్కారహీనుణ్ణి కాననీ దాని సారాంశం. చేపలు వంటింటికి వెళ్లాయి.

తిరిగి వచ్చేటప్పటికి నీళ్లు చూరు అందుకున్నాయి. జనం కప్పుల మీదికి ఎక్కేశారు.

"దుబాసీ గారండీ, ఒక్కపాలి అటు తిప్పుతానండి," అన్నాడు సత్తియ్య.

వద్దన్నాను. మన పడవలో ఆరుగురి కంటే పట్టరు, ఈ జవాబు అందిందంటే లాంచి బయల్దేరుతుంది, అందరూ ఒక్కసారే వచ్చేస్తారు అన్నాను. నా మాటలో తప్పేముంది? అతను తెడ్డు వేశాడు. అంత వేగంగా మా రేవుకు ఎప్పుడూ చేరలేదు.

మా దొరగారు జవాబు రెండుసార్లు చదివారు. ఎదుటివారు అంత పెద్ద మనసుతో వదులుకుంటూ ఉంటే తాను పుచ్చుకోవడం ఏం బాగుంటుంది అన్నారు. ఇంకొక ఉత్తరం రాశారు. పెట్టెకు సీలు వేయించారు.

మూడోసారి నది మధ్యకు చేరేసరికి కప్పులు తొమ్మిదే ఉన్నాయి. పోయిన రెండింటిలో ఒకటి పెద్దింట్లమ్మది. చేతిలో ఉన్న పసిదాన్ని పక్క కప్పు మీదికి అందించి, తాను అడుగు వేసేలోపల అది విరిగిందని తరవాత చెప్పారు.

సత్తియ్య ఈసారి నన్ను అడగలేదు. పడవ తిప్పేశాడు. ఉత్తరం అని నేను నోరు తెరిచాను.

"ఇందులో కూడా ముందు తమరే అని రాసుంటారండి. దీనికి తొందరేవుంది," అన్నాడు, నా మొహం చూడకుండా.

నాలుగు దఫాల్లో పంతొమ్మిది మందిని గట్టుకు చేర్చాడు. ఆఖరి దఫాకు కప్పులు నాలుగే మిగిలాయి. లాంచి మా రేవులో కట్టేసే ఉంది. దానికి కట్టిన దండ కూడా చెక్కు చెదరలేదు. అవతల విందు జరిగింది. వరద వల్ల మా దొరగారు వెళ్లలేకపోయారు కాబట్టి మర్నాడు వారి చేపను వారికి పంపించారు. పులస మర్నాటికే బాగుంటుందని అందరూ అన్నారు.

పెద్దింట్లమ్మ శవం మూడోనాడు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దొరికింది. ఏ గట్టున మట్టి చెయ్యాలన్న దానిమీద ఉత్తరాలు నడవలేదు. ఎందుకంటే జాలర్లు ఏ కచేరీకీ చెప్పలేదు.

సత్తియ్య మీద కేసు పెట్టారు. సర్కారు పడవను ఆర్డరు లేకుండా దారి మళ్లించాడని ఒకటి, సర్కారు ఉత్తరం ఉన్న పెట్టెను నదిలో పారేశాడని ఇంకొకటి. ఆవిడ చావు గురించి ఎవరి మీదా ఏ కేసూ లేదు. వరద మీద కేసు పెట్టలేం కదా!

ఇక్కడే రెండు దేశాల స్నేహం శిఖరం అందుకుంది. నేరం ఎక్కడ జరిగింది? లంక దగ్గర. లంక ఎవరిది? తమది. కాదు, తమది. పైగా వరద తీశాక చూస్తే లంకే లేదు. కొట్టుకుపోయింది. లేని నేల మీద జరిగిన నేరాన్ని విచారించే గౌరవం తమదేనని ఒకరికొకరు రాసుకుంటూనే ఉన్నారు. అందాకా ఖైదీని ఒక్కరే అట్టిపెట్టుకోవడం బాగుండదని, నెలకొకరు చొప్పున ఆతిథ్యం ఇస్తున్నారు. ఒక నెల ఇవతలి లాకప్పు, ఒక నెల అవతలి లాకప్పు. ఒకటో తారీకున మార్పు. వరద తీశాక మేటలు పడ్డ చోట పడవ నడపడం అందరి వల్లా కాదు కనక, సత్తియ్యే తెడ్డు వేసుకుని, జవానును కూర్చోబెట్టుకుని, తనను తాను అప్పగించుకుంటాడు. రెండు దేశాలు తెడ్డు కూడా అతని చేతికే నమ్మి ఇచ్చాయంటే ఒక జాలరికి ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

విచారణ అంటూ జరిగితే శిక్ష మూడు నెలలు పడుతుందని మా ప్లీడరు ఒకాయన అన్నారు. ఎనిమిది నెలలు అయింది. చూశారా, స్నేహం ఎప్పుడూ ఎక్కువే ఇస్తుంది!

ఇంత రాశాక ఇప్పుడు నా మనవి. రెండు మహా ప్రభుత్వాల పాదాలకూ నమస్కరించి అడుగుతున్నాను. అయ్యా, ఒక్కసారి పోట్లాడుకోండి. పెద్ద యుద్ధం అక్కర్లేదు. ఎవరి జెండా ఎత్తుగా ఉందన్న చిన్న తగాదా చాలు, ఒక్క పూట చాలు. ఆ పూట సత్తియ్య ఒకవైపు లాకప్పులో ఉంటే, రెండోవైపు వారు వాడు మా ఖైదీ అని గోల చేస్తారు. అతన్ని ఉంచుకున్నవారు పంతానికి పోయి విడిచిపెడతారు. మళ్లీ మర్నాటి నుంచి మీరు కావలసినంత స్నేహంగా ఉండండి. మేం ఏమీ అనుకోం.

ఇక్కడితో ఆపితే బాగానే ఉండేది. నవ్వుకునేవారు నవ్వుకునేవారు. కానీ దొరల మర్యాద మీద ఇంతసేపు నవ్విన నేను ఏం చేశానో కూడా చెప్పాలి.

ఆ పెట్టెను నదిలో తోసింది సత్తియ్య కాదు. నేను.

మొదటి దఫాలో నలుగురు ఎక్కాక చోటు లేదు. కప్పు మీద లోవమ్మ, ఆవిడ చంకలో పెద్దింట్లమ్మ అందించిన పసిది. నేను పెట్టె మీద కూర్చుని ఉన్నాను. లేచి దాన్ని కాలితో నెట్టాను. పాతికేళ్ల కొలువులో నేను చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని కూడా నిలబెట్టుకోలేదు. కచేరీలో ప్రమాణం చేయించి, పెట్టె ఎవరు పారేశారని అడిగారు. నేను తడబడుతుండగానే గుమాస్తా సత్తియ్య పేరు రాసేశాడు. చదివి సంతకం పెట్టమన్నారు. పింఛనుకు ఏడు నెలలుంది. పెట్టాను. రెండు రోజుల్లో విడిపిస్తానని సత్తియ్య చెవిలో చెప్పాను. నా సాక్ష్యం నిజమేనా అని అతన్ని అడిగితే, దుబాసీ గారు చెప్పారంటే అంతేనండి అన్నాడు.

పింఛను పోయిన నెలే మొదలైంది. నాకు సిగ్గుగా ఉంది. అది తినే ప్రతి ముద్దకూ సిగ్గుగా ఉంది.

ఈ రాసినదంతా ఇవాళ లోవమ్మను పిలిపించి చదివి వినిపించాను. అరుగు కింద నిలబడే వింది. కూర్చోమంటే కూర్చోలేదు. పెద్దింట్లమ్మ చేపలు ఇచ్చిన చోట తల పక్కకు తిప్పుకుంది. చివరిది విన్నాక నా కేసి చూసింది.

"ఈ ఆకరి ముక్క ఆ రోజే చెప్పుంటే సరిపోను గదండీ," అంది.

అవునన్నాను.

"పేపర్లో ఏసుకుంటే మా ఆయన చదవలేడండి. రేపు ఒకటో తారీకు. రేవుకొచ్చి మీరే చెప్పండి."

బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. రేపు పొద్దున్న రేవుకు వెళ్తున్నాను. ముందు సత్తియ్యకు చెప్తాను. తరవాత అదే పడవలో ఎక్కి కచేరీలో చెప్తాను. ఇవతలి కచేరీలో ముందు చెప్పాలా, అవతలి కచేరీలోనా అని ఎవరికీ ఉత్తరం రాయదల్చుకోలేదు.